పాత టేబుల్ పేరు మార్చొద్దు, క్లాస్ పేరు మార్చండి

[స్క్రీన్: బేగంబజార్‌లోని ఒక హోల్‌సేల్ కొట్టు బిల్లింగ్ డేటాబేస్, టేబుళ్ల జాబితా]

టీబీఎల్ అండర్‌స్కోర్ కస్ట్ అండర్‌స్కోర్ ఎంఎస్‌టీ. అంటే కస్టమర్ మాస్టర్. దీనిమీద జాంగోలో, అంటే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో, కొత్త యాప్ కట్టాలి. పేరు బాగోలేదని టేబుల్ జోలికి వెళ్లకండి. పాత బిల్లింగ్ ప్రోగ్రాం, రిపోర్టులు, రాత్రిళ్లు నడిచే స్క్రిప్టులు అన్నీ ఆ పేరుతోనే వెతుకుతాయి.

[టెర్మినల్: ఇన్‌స్పెక్ట్‌డీబీ కమాండ్]

ఇది టేబుళ్లను చదివి మోడల్ క్లాసులు, అంటే ఒక్కో టేబుల్‌కి పైథాన్‌లో ఒక్కో క్లాస్, రాసిస్తుంది. వచ్చిన క్లాస్ పేరు ‘టీబీఎల్‌కస్ట్‌ఎంఎస్‌టీ’. దాన్ని ‘కస్టమర్’ చేయండి. క్లాస్ లోపలి మెటాలో, అసలు టేబుల్ పేరు చెప్పే డీబీ టేబుల్ విలువ మాత్రం అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. మేనేజ్డ్ ఫాల్స్ కూడా ఉంచండి, మైగ్రేషన్లు (జాంగో టేబుళ్లను మార్చే ఫైళ్లు) ఆ టేబుల్‌ని ముట్టుకోవు. అయితే టెస్టులప్పుడు కూడా జాంగో దాన్ని సృష్టించదు. టేబుల్ సృష్టించే ఎస్‌క్యూఎల్ మీరే ఇవ్వాలి.

టేబుల్‌కి ప్రైమరీ కీ, అంటే ఒక్కో వరుసను గుర్తించే కాలమ్, లేకపోతే జాంగో ‘ఐడీ’ అనే కాలమ్ ఉందనుకుని ఎర్రర్ ఇస్తుంది. డూప్లికేట్లు లేని కాలమ్ చూసి ప్రైమరీ కీ ట్రూ పెట్టండి.

[స్క్రీన్: బిల్లుల టేబుల్, కస్ట్ సీడీ (కస్టమర్ కోడ్) కాలమ్]

అసలు చిక్కు ఇక్కడుంది. పాత డేటాబేస్‌లో ఫారిన్ కీ, అంటే ఇంకో టేబుల్‌కి లింకు, పెట్టకపోతే ఇన్‌స్పెక్ట్‌డీబీకి ఇది మామూలు కాలమే. మీరే ‘కస్టమర్’ అనే ఫారిన్ కీగా మార్చి, డీబీ కాలమ్‌లో కస్ట్ సీడీ అని రాయండి. రాయకపోతే జాంగో ‘కస్టమర్ ఐడీ’ కోసం వెతుకుతుంది.

ఇంకో మాట, జాగ్రత్తగా వినండి. ఎప్పుడో తీసేసిన కస్టమర్ల బిల్లులు ఇంకా టేబుల్‌లోనే ఉంటాయి. బిల్లుతోపాటు కస్టమర్‌నీ తెచ్చే సెలెక్ట్ రిలేటెడ్ వాడితే ఇన్నర్ జాయిన్ (రెండు టేబుళ్లలోనూ జత ఉన్నవే వస్తాయి) పడి ఆ బిల్లులు లిస్టులోంచి మాయమవుతాయి. ఎర్రర్ రాదు, లిస్టు మొత్తం మాత్రం తగ్గుతుంది. ఫారిన్ కీకి నల్ ట్రూ ఇస్తే లెఫ్ట్ జాయిన్ అవుతుంది, కస్టమర్ లేకపోయినా బిల్లులు కనిపిస్తాయి. కస్టమర్ లేని బిల్లులెన్నో ముందే ఒక క్వెరీతో లెక్కపెట్టుకోండి.

[స్క్రీన్: పెద్దక్షరాలు, చిన్నక్షరాలు]

మైఎస్‌క్యూఎల్ విండోస్ ల్యాప్‌టాప్‌లో టేబుల్ పేర్లలో అక్షరాల తేడా పట్టించుకోదు, లైనక్స్ సర్వర్‌లో మామూలుగా పట్టించుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ కోట్స్ లేకుండా సృష్టించిన పేరును చిన్నక్షరాల్లో దాస్తుంది. జాంగో ఎప్పుడూ కోట్స్‌తోనే అడుగుతుంది. కాబట్టి డేటాబేస్ జాబితాలో ఎలా కనిపిస్తే అలాగే రాయండి.

జాంగో బదులు జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ వాడేవాళ్లకి: టేబుల్ యానొటేషన్‌లో పెద్దక్షరాలు రాసినా, డిఫాల్ట్ నేమింగ్ స్ట్రాటజీ వాటిని చిన్నవి చేస్తుంది. ఫిజికల్ నేమింగ్ స్ట్రాటజీ స్టాండర్డ్ ఇంప్ల్ పెడితే రాసిన పేరు రాసినట్టే వెళ్తుంది.