ఆ సగం వృత్తం గురించి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే మూడుసార్లు విన్నారు, నాలుగోసారి నేను చదవను. వాళ్లేమీ అనుకోరు, ఏళ్ల తరబడి నన్ను భరిస్తున్నవాళ్లే. నా గురించి చెప్పిన పరిచయంలోంచి విశేషణాలు తీసేస్తే మిగిలింది నిజమే. అయితే పెద్దగా ఏమీ మిగలదు.

నాకిచ్చిన అంశం "సుదీర్ఘ డిజైన్ జీవితం నేర్పిన పది పాఠాలు". పదే ఎందుకని అడిగితే, పోస్టరులో ఆ అంకె బాగా కుదిరిందన్నారు. ఆ పోస్టరు చేసిన కుర్రాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే కాబట్టి నోరెత్తలేకపోయాను. పదీ రాసుకొచ్చాను, ఇదిగో కాగితం. కానీ లోపలికి వస్తూ బయట గోడ మీద ప్రదర్శన చూశాను. నా పాత పనులు వెతికి, ఫ్రేములు కట్టించి పెట్టారు. చాలా సంతోషం. సరిగ్గా మధ్యలో, లైటు నేరుగా పడే చోట, ఆ మందుల చార్టు ఉంది. అది చూసినప్పటినుంచీ ఈ కాగితం మీద మనసు నిలవడం లేదు. చెప్పగలిగినంత చెప్తాను. పది వస్తాయో రావో మాటివ్వలేను.

మొదటిది చేతిపని గురించి. నేను ఈ వృత్తిలోకి వచ్చినప్పుడు డిజైనరు ఆస్తి అంటే బ్లేడు, స్టీలు స్కేలు, జిగురు సీసా. కంపోజింగ్‌ వాళ్లు బ్రోమైడ్ అనే ఫొటో కాగితం మీద అక్షరాలు తీసిస్తే, వాటిని వరుసలు వరుసలుగా కోసి బోర్డు మీద అంటించేవాళ్లం. దాన్ని కెమెరాతో ఫిల్మ్ తీసి, ఫిల్మ్ నుంచి అచ్చు వేసే ప్లేటు చేసేవాళ్లు. ఒక అక్షరం తప్పొస్తే ఇంకో చోటనుంచి ఆ అక్షరాన్ని కోసుకొచ్చి అతికించాలి. తెలుగులో ఇంకో తిప్పలు కూడా ఉంది, ఒత్తులు. ఒకసారి ఒక కథలో "గుడ్డి దీపం" కింద నేను అతికించిన ఒత్తు ఊడిపోయి "గుడి దీపం" అని అచ్చయింది. పాఠకులెవరూ ఫిర్యాదు చేయలేదు. రచయిత మాత్రం నాతో ఏడాదిపాటు మాట్లాడలేదు.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. 1984లో ఆపిల్‌వాళ్ల మెకింతోష్ కంప్యూటరు, మరుసటి ఏడాదే లేజర్‌రైటర్ ప్రింటరు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్. అవి మా దాకా రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది కానీ, మా పని అయిపోయిందన్న వార్త మాత్రం ముందే వచ్చేసింది. బ్లేడు పోయింది, జిగురు పోయింది, పని పోలేదు. ఇప్పుడు ఏఐ గురించి కూడా అడుగుతారని తెలుసు. ప్రశ్నల సమయంలో అడగకండి, ఇప్పుడే చెప్పేస్తాను: నేను గీసిన ఆ సగం వృత్తాన్ని అది నాకన్నా వేగంగా, నాకన్నా నున్నగా గీస్తుంది. నా భయమంతా అదే. ఎందుకో కాసేపట్లో అర్థమవుతుంది.

రెండోది క్లయింట్ల గురించి రాసుకున్నాను. క్లయింటు "ఏదో తక్కువైంది" అంటే నిజంగానే ఏదో తక్కువై ఉంటుంది. అది ఏమిటో మాత్రం ఆయనకు తెలియదు. "లోగో పెద్దది చేయండి" అన్నాడంటే లోగో చిన్నదని కాదు, దాని చుట్టూ గందరగోళం ఎక్కువైందని. ఇంతే. మూడు, నాలుగు, ఐదు కూడా ఇలాంటివే, మీకు తెలిసినవే. వదిలేస్తున్నాను.

ఇక చార్టు సంగతి. మీలో చాలామంది బయట దాన్ని చూసే వచ్చారు కదా? బాగుంది కదా? మొహమాటం లేకుండా చెప్పండి. బాగుంది. నాకూ తెలుసు. నేను చేసినవాటిలో అంత శుభ్రమైన పని ఇంకోటి లేదు.

ఒక ఆసుపత్రివాళ్లు అడిగారు. రోగి ఇంటికి వెళ్లేటప్పుడు చేతికిచ్చే కాగితం. ఏ మందు ఏ పూట వేసుకోవాలో అందులో ఉండాలి. అంతకుముందు వాళ్లు వాడుతున్నది జిరాక్సు మీద జిరాక్సు తీసిన కాగితం, గీతలు వంకర, పేర్లు చేతిరాత. నేను దాన్ని చూసి, నిజం చెప్పాలంటే, నవ్వుకున్నాను. చదువు రానివాళ్లకు కూడా తెలిసేలా గుర్తులు పెడదామన్నాను. ఉదయానికి పొద్దుపొడుపు, అంటే ఒక సగం వృత్తం. మధ్యాహ్నానికి నిండు సూర్యుడు, పూర్తి వృత్తం. రాత్రికి నెలవంక. కిరణాలు పెడితే పిల్లల బొమ్మలా ఉంటుందని కిరణాలు తీసేశాను. మూడూ ఒకే మందంలో, ఒకే పరిమాణంలో. ప్రతి మందు పేరు ఎదురుగా ఈ మూడు గుర్తులూ ఉంటాయి. ఏ పూట వేసుకోవాలో ఆ గుర్తు మీద నర్సు టిక్కు పెడుతుంది. ఎన్ని మాత్రలో రాసే గడి పెట్టలేదు. గడులు ఎక్కువైతే పేజీలో గాలి ఆడదు కదా! ఏ గుర్తు ఏ పూటో చెప్పే సూచిక అడుగున పెట్టాను, 6 పాయింట్ల బుల్లి అక్షరాల్లో, లేత బూడిద రంగులో.

ప్రెస్సులో మెషిన్ మీద ఉన్నాయన ప్రూఫ్ చూసి నన్ను పక్కకు పిలిచాడు. "మేడం, ఈ బూడిద రంగు విడిగా ఇంకు కాదు. నల్లరంగే చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఇంత సన్నటి అక్షరం ఆ చుక్కల్లో విరిగిపోతుంది. నల్లగా పెట్టేద్దామా?" అన్నాడు. అక్షరాలా నిజం. ఆఫ్‌సెట్ అచ్చులో లేత రంగంటే చుక్కల వల. సన్నటి గీత ఆ వలలో పడితే అంచులు తినేసినట్టు అవుతుంది. నాకు ఆ సంగతి తెలీక కాదు. అయినా "వద్దండీ, అలాగే ఉండనివ్వండి" అన్నాను. నలుపు పెడితే పేజీ బరువెక్కుతుందని.

ఆమోదించడానికి మీటింగు పెట్టారు. బల్ల చుట్టూ తొమ్మిదిమందిమి. మంచి లైటు. అందరూ చాలా బాగుందన్నారు. ఒకాయన రెండుసార్లు అన్నాడు. ఆ తొమ్మిదిమందిలో రోజుకు మూడు పూటలా మందు వేసుకునేవాళ్లు ఒక్కరూ లేరు. నలభై దాటితే దగ్గరి అక్షరం మసకబారడం మొదలవుతుందని మనందరికీ తెలుసు. ఆ గదిలో చత్వారం వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లూ కాగితాన్ని చెయ్యి చాచి పట్టుకుని "బాగుంది" అన్నారు.

ఒక్క నిమిషం. వెనక రెండు వరసల్లో కూర్చున్నవాళ్లు ఇటు చూడండి. ఈ తెర మీద నా పేరు కింద సన్నగా ఏదో రాసుంది. అదేమిటో చదవగలిగినవాళ్లు చెయ్యెత్తండి... ఒక్క చెయ్యి. బాబూ, అది టైపు చేసింది నువ్వే కదా? దించెయ్ నాయనా.

చార్టు అచ్చయి పంచడం మొదలయ్యాక, కొన్ని వారాలకు ఆ ఆసుపత్రి నుంచి ఒక నర్సు ఫోన్ చేసింది. ఒక పెద్దావిడ మళ్లీ చూపించుకోవడానికి వచ్చిందట. ఆపాటికి అయిపోవాల్సిన మాత్రలు సీసాలో సగానికి కాస్త తక్కువ మిగిలే ఉన్నాయట. ఎలా వేసుకున్నారని అడిగితే చార్టు తీసి చూపించిందట. పొద్దున సగం వృత్తం, సగం మాత్ర. మధ్యాహ్నం నిండు వృత్తం, ఒక మాత్ర. రాత్రి నెలవంక, కాబట్టి అంచున గోరుతో గిల్లి ఒక చిన్న ముక్క.

మీరు నవ్వుతున్నారు. నేనూ ఫోన్‌లో నవ్వాను. నవ్వి, "అడుగున సూచిక ఉంది కదమ్మా, చదువుకోమనండి" అన్నాను. ఆ నర్సు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీరోసారి వచ్చి చదివి వినిపించండి మేడం" అంది.

వెళ్లలేదు. వెంటనే వెళ్లలేదు. ఎందుకో చెప్తాను. ఆ ఫోన్ వచ్చిన నాలుగు రోజులకు అదే చార్టుకు ఒక బహుమతి ప్రదానం ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. న్యాయనిర్ణేతలు "భాష అవసరం లేని డిజైన్" అన్నారు. మైకు ఇచ్చారు. నేను తెల్లటి ఖాళీ జాగా గురించి మాట్లాడాను. ఆ పెద్దావిడ సంగతి అప్పటికి నాకు తెలుసు. తెలిసీ ఒక్క ముక్క చెప్పలేదు. ఇన్నేళ్లలో ఏ సభలోనూ చెప్పలేదు. ఈలోగా ఆసుపత్రిలో ఆ చార్టులు రోజూ పంచుతూనే ఉన్నారు. అలా ఎంతమంది సగం మాత్రలు వేసుకున్నారో లెక్క తీసే దారి లేదు.

మూడు వారాల తర్వాత వెళ్లాను. ఆవిడను కలిశాను. తప్పు చదివానన్న బెరుకు ఆవిడకు రవ్వంత కూడా లేదు. "గుండ్రంగా ఉంటే ఒకటి, సగం ఉంటే సగం. ఇందులో తెలీకపోవడానికి ఏముంది అమ్మాయ్? ఆ రాత్రి ముక్కతోనే చచ్చే చావు, అంత చిన్నది గిల్లడానికి రావడం లేదు" అంది. ఆవిడ మందుల కాగితం చేతిలో పట్టుకుని ఉంది. మందుల కాగితంలో గుండ్రంగా ఉండేది మాత్ర కాక ఇంకేమిటి? ఆ గుండ్రంలో నాకు సూర్యుడు కనిపించాడంటే, అప్పటికి నాకు ఏ జబ్బూ లేదు కాబట్టి.

నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తర్వాత చదివి తెలుసుకున్నాను. పుర్రె, ఎముకల గుర్తు ఉంది కదా, విషానికి. పెద్దవాళ్లకు అది భయం. చిన్నపిల్లలకు సముద్రపు దొంగల జెండా, ఆటవస్తువు. అందుకే 1971లో పిట్స్‌బర్గ్‌లోని పిల్లల ఆసుపత్రివాళ్లు నాలుక బయటపెట్టి మొహం చిట్లించిన ఆకుపచ్చ బొమ్మ ఒకటి తయారు చేయించారు, "మిస్టర్ యక్" అని. అమెరికాలో భద్రతా గుర్తుల ప్రమాణం ఒకటుంది. దాని ప్రకారం ఒక గుర్తును పరీక్షిస్తే నూటికి 85 మంది సరిగ్గా చెప్పాలి. అంతకన్నా ముఖ్యం, ప్రమాదం తెచ్చే తప్పు అర్థం తీసుకున్నవాళ్లు నూటికి 5 మందికి మించకూడదు. అర్థం కాకపోవడం వేరు, పూర్తి ధైర్యంతో తప్పు అర్థం చేసుకోవడం వేరు. అర్థం కానివాడు పక్కవాణ్ణి అడుగుతాడు. మా పెద్దావిడకు అడగాల్సిన అవసరమే కనిపించలేదు.

ఇంకో సంగతి. ఇది నా కాగితంలో లేదు, అయినా చెప్పాలి. 2000లో అమెరికా అధ్యక్ష ఎన్నిక, ప్రధాన పోటీ బుష్, గోర్ మధ్య. ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో వృద్ధ ఓటర్లు ఎక్కువ. వాళ్లకు కనబడాలని అక్కడి ఎన్నికల అధికారి అక్షరాలు పెద్దవి చేయించారు. అక్షరాలు పెద్దవైతే పేర్లు ఒక పేజీలో పట్టలేదు. రెండు పేజీల్లో ఎదురెదురుగా వేసి, మధ్యలో రంధ్రాల వరస పెట్టారు. కావలసిన పేరుకు చెందిన రంధ్రంలో పొడిస్తే ఓటు పడుతుంది. ఎడమ పేజీలో మొదటి పేరు బుష్, మొదటి రంధ్రం. దాని కింద గోర్. అంటే రెండో రంధ్రం అనుకుంటాం కదా? కాదు, మూడోది. రెండో రంధ్రం కుడి పేజీలో మొదట ఉన్న బ్యుకానన్ అనే ఇంకో అభ్యర్థిది. ఆ కౌంటీలో ఆయనకు 3,407 ఓట్లు పడ్డాయి. అందులో చాలా ఓట్లు తనవి కాకపోవచ్చని ఆయనే ఒప్పుకున్నాడు. రాష్ట్రం మొత్తం మీద బుష్, గోర్ మధ్య తేడా 537. ఆ అధికారిని అందరూ తిట్టిపోశారు. నాకు మాత్రం తిట్టడానికి నోరు రాలేదు. ఆవిడ పెద్దవాళ్ల కళ్ల గురించి ఆలోచించి తప్పు చేసింది. నేను ఆ మాత్రం కూడా ఆలోచించలేదు.

సరే, మళ్లీ చార్టు దగ్గరకు వస్తాను. తిరిగి చేశాను. ఈసారి నర్సును, మందులిచ్చే ఫార్మసిస్టును, ఆ పెద్దావిడను కూర్చోబెట్టుకుని చేశాను. ఫార్మసిస్టు నాకు సున్నా సంగతి నేర్పాడు. "5.0" అని రాస్తే, చుక్క కనబడనివాడికి అది 50. ".5" అని రాస్తే, చుక్క కనబడనివాడికి అది 5. రెండు చోట్లా మోతాదు పదింతలు. కాబట్టి పూర్తి అంకె తర్వాత చుక్కా సున్నా వేయకూడదు, చుక్క ముందు సున్నా వేసి తీరాలి. అన్నేళ్లు చుక్కలతోనే బతికిన నాకు ఇది తెలీదు. మీలో మందుల లేబుళ్లు చేసేవాళ్లు ఎవరైనా ఉంటే, మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటీ రాసుకోండి. రాసుకున్నారా?

కొత్త చార్టులో మాత్ర తప్ప గుండ్రటిది ఏదీ లేదు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మాటల్లోనే ఉంది, లావుగా, నల్లగా. ఎన్ని మాత్రలో అంకెలోనూ ఉంది, అక్షరాల్లోనూ ఉంది. వరసల మధ్య ఒత్తులకు సరిపడా చోటు వదిలాను. లేకపోతే పై వరస ఒత్తు వెళ్లి కింది వరస గుడిలో దూరుతుంది. ఇంగ్లిష్ కోసం చేసిన లే అవుట్లలో తెలుగు పోస్తున్న పిల్లలారా, మీకే చెప్తున్నాను. మొదటి నమూనాను కూడా ఇద్దరు తప్పు చదివారు. మూడో నమూనాకు కుదిరింది.

అది అందంగా లేదు. పాత జిరాక్సు కాగితానికి అక్కలా ఉంటుంది. నేను నవ్వుకున్నానని చెప్పానే, ఆ కాగితానికి. దానికి ఏ బహుమతీ రాలేదు, నేను పంపనూ లేదు. ఏ ప్రదర్శనలోనూ పెట్టలేదు. ఇవాళ బయట గోడ మీద కూడా లేదు. నిర్వాహకుల తప్పేమీ లేదు, నా పనుల జాబితాలో నేనే ఎప్పుడూ దాని పేరు రాయలేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ముగిస్తున్నానండీ. పది పాఠాలు కాలేదు, క్షమించండి. ఆ కాగితం వృథా కాలేదు లెండి. ఇందాక నా గురించి పొగుడుతున్నంతసేపూ దాని వెనక వైపు ఒక నోటు రాసుకున్నాను, మార్కరుతో, పెద్ద అక్షరాల్లో. చదువుతాను. "ఈ చార్టులో సగం వృత్తం అంటే ఉదయం అని డిజైనరు ఉద్దేశం. చదివినవాళ్లు సగం మాత్ర అనుకున్నారు. బహుమతి తీసుకున్న రోజుకి డిజైనరుకు ఈ సంగతి తెలుసు."

ఆ ఫ్రేము దించమని అడగను. దాని పక్కన దీన్ని, దీంతోపాటు ఈ రెండో చార్టును పెట్టండి. నా దగ్గర ఒక్క కాపీయే ఉంది, నలిగింది, ఫరవాలేదు. మేకులు, ఫ్రేములు అంటూ రేపటిదాకా ఆగొద్దు. జిగురు నా సంచిలోనే ఉంది.