ఆబ్జెక్టు ఆయుష్షు ఎవరి చేతిలో ఉంది? సీ ప్లస్ ప్లస్, జావా

సభకు నమస్కారం.

సీ ప్లస్ ప్లస్, జావా అన్న ఈ రెండు ప్రోగ్రామింగ్ భాషల్లో ఏది గొప్పదని విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు. దానికి బదులు, ప్రోగ్రాము పుట్టించిన ఆబ్జెక్టు (కొంత డేటానూ దానిపై చేసే పనులనూ కలిపి ఉంచే ముక్క) ఎప్పుడు అంతరించాలో ఎవరు నిర్ణయిస్తారని అడిగితే రెండింటి స్వభావమూ తేటతెల్లమవుతుందని నా నమ్మకం. బహుళ వారసత్వం, ఆపరేటర్ ఓవర్‌లోడింగ్ వంటి తేడాలు పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి కనుక వాటి జోలికి పోను.

సిములా భాషలోని క్లాసులను, అంటే ఆబ్జెక్టులను తయారుచేసే నమూనాలను, సీ భాష వేగంతో కలపాలని కంప్యూటర్ శాస్త్రవేత్త స్ట్రౌస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో మొదలుపెట్టిన కృషి 1983లో సీ ప్లస్ ప్లస్ అన్న పేరు పొందింది. ఇందులో ఫంక్షన్ లోపల మామూలుగా ప్రకటించిన లోకల్ ఆబ్జెక్టు ఆ బ్లాకు ముగిసేచోట నశిస్తుంది. అప్పుడు దాని డిస్ట్రక్టర్, అంటే చివరి సర్దుబాట్లు చేసే ఫంక్షన్, దానంతటదే నడుస్తుంది. తెరిచిన ఫైలును మూయడం, తీసుకున్న లాక్‌ను వదలడం డిస్ట్రక్టర్‌కు అప్పగిస్తే, మధ్యలో ఎక్సెప్షన్ (పనిని ఆపేసే లోపం) తలెత్తి దాన్ని పైనున్న ఫంక్షన్ పట్టుకున్న సందర్భంలో కూడా ఆ పని జరిగి తీరుతుంది. ప్రోగ్రామింగ్‌లో నాకు అత్యంత అందంగా తోచిన ఆలోచనల్లో ఇదొకటి. అయితే న్యూ అనే ఆదేశంతో సృష్టించినదాన్ని డిలీట్ అనే ఆదేశంతో తొలగించడం మరిస్తే మెమరీ లీకవుతుంది, అంటే వాడుకలో లేకున్నా తిరిగి రాదు. రెండుసార్లు డిలీట్ చేస్తే ఏమవుతుందో భాషా ప్రమాణమే చెప్పదు.

సన్ మైక్రోసిస్టమ్స్‌లో గోస్లింగ్ బృందం రూపొందించగా 1995లో వెలువడిన జావా ఈ భారాన్ని గార్బేజ్ కలెక్టర్‌కు ఇచ్చింది. ప్రోగ్రాముకు ఇక అందని ఆబ్జెక్టును అది గుర్తించి మెమరీని తిరిగి తీసుకుంటుంది. ఎప్పుడు తీసుకుంటుందన్నది మాత్రం మన చేతిలో లేదు. మెమరీకి ఆ ఆలస్యం ఫరవాలేదు, ఫైలుకూ డేటాబేస్ కనెక్షన్‌కూ అలా కుదరదు. దీనికోసం ఉద్దేశించిన, ఆబ్జెక్టును తీసేసే ముందు నడవాల్సిన ఫైనలైజ్ పద్ధతి నమ్మదగినది కాదని తేలి, 2017లో జావా 9 దాన్ని వాడవద్దని ప్రకటించింది.

రెండు భాషలూ తమ లోటును ఒకే ఏడాది పూడ్చుకోజూడటం నన్ను ఆకట్టుకుంటుంది. 2011 నాటి సీ ప్లస్ ప్లస్ ప్రమాణంలో ఆబ్జెక్టును ఒక్కరే సొంతం చేసుకునే యూనిక్ పాయింటర్, ఎందరు పంచుకుంటున్నారో లెక్కపెట్టి ఆ లెక్క సున్నా కాగానే దాన్ని తొలగించే షేర్డ్ పాయింటర్ వచ్చి చేతితో డిలీట్ చేసే అవసరాన్ని చాలావరకు తగ్గించాయి. అదే ఏడాది జావా 7లో, బ్లాకు దాటగానే ఫైలు వంటి వనరును మూసే ట్రై విత్ రిసోర్సెస్ వచ్చింది. అయినా తేడా మిగిలింది. సీ ప్లస్ ప్లస్‌లో క్లాసు రాసినవారు ఒక్కసారి జాగ్రత్తపడితే చాలు. జావాలో ఆ క్లాసును వాడే ప్రతి ఒక్కరూ ట్రై రాయడం గుర్తుంచుకోవాలి.

మరోవైపు, రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి షేర్డ్ పాయింటర్లతో పట్టుకుంటే వాటి లెక్క ఎన్నటికీ సున్నాకు రాదు, కనుక ఒకవైపు ఆ లెక్కలోకి రాని వీక్ పాయింటర్ పెట్టే బాధ్యత ప్రోగ్రామర్‌దే. జావాలో అలాంటి జంట బయటినుంచి అందకుండా పోతే, లోపలి ముడి ఎంత బిగుసుకున్నా, కలెక్టర్ రెంటినీ తీసేయగలదు.