ఒక్క ప్లగ్గు మీద ఎంత సంసారం?

(తిరుపతి బైరాగిపట్టెడలో ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకి, కాలనీ అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి నమస్కారం. అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, పొద్దున్నుంచి కుర్చీలు మోసిన పిల్లకాయలకి కూడా. అందరి పేర్లూ చదవమని చీటీ ఇచ్చినారు గానీ కళ్లజోడు ఇంట్లోనే మర్చిపోయి వచ్చినా. అందరూ మనోళ్లే, ఏమీ అనుకోవద్దు.

నాకిచ్చిన అంశం కరెంటు పొదుపు. పొదుపు గురించి నెలనెలా మీ బిల్లు చెప్పినంత గట్టిగా నేను చెప్పలేను సామీ. నేను ఇళ్లలో వైరింగు చేసి బతికినవాణ్ణి. నాకు తెలిసింది గోడ లోపలి సంగతి. కార్యదర్శి గారు మన్నించాలి, నేను ఇంకోటి మాట్లాడతా. ఒక్క ప్లగ్ పాయింటుకి ఎన్ని తగిలించొచ్చు? ఏ ఇంటికి పోయినా నన్నడిగేది ఇదే.

ఎన్ని అన్నది లెక్క కాదు, ఎన్ని వాట్లు అన్నది లెక్క. పది ఫోన్ ఛార్జర్లు ఒకే బాక్సుకి పెట్టండి, దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. కెటిలు, ఇస్త్రీ పెట్టె, రెండే రెండు పెట్టండి, బాక్సు ప్రాణం తీస్తాయి. మనకొచ్చే కరెంటు 230 వోల్టులు. సాకెట్ ఎంత కరెంటు మోయగలదో చెప్పేది ఆంపియర్లు. సన్న పిన్నుల సాకెట్ 6 ఆంపియర్లది, పాత ఇళ్లలో అయితే 5 అని ఉంటుంది. లావు పిన్నులది, మనం పవర్ ప్లగ్ అంటామే, అది 16. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఇప్పుడు 230ని 6తో గుణించండి. 1380 వాట్లు. సన్న ప్లగ్గుకి అంతే. దానికి నాలుగు బొక్కల బాక్సు పెట్టినా, ఎనిమిది బొక్కల బాక్సు పెట్టినా ఆ 1380 పెరగదు. బొక్కలే పెరుగుతాయి.

ఏమ్మా, ముందు వరసలో మీరే. మీ మిక్సీ ఎన్ని వాట్లు? 750 అంటా ఉంది. ఇస్త్రీ పెట్టె? 1000. చూసినారా, అప్పుడే 1750 అయిపాయ. ఇంక కెటిలు 1500 ఉంటుంది, ఇండక్షన్ స్టవ్వు 2000 దాకా లాగుతుంది. అదే టీవీ అయితే వంద అటూ ఇటూ, ల్యాప్‌టాప్ 65, ఫ్యాను 75, వైఫై డబ్బా అయితే లెక్కలోకే రాదు. ఇవన్నీ ఒక బాక్సులో సుఖంగా కాపురం చేస్తాయి. వేడి పుట్టించేవే చెడ్డవి. వాటిని ఒక్కొక్కదాన్ని సొంత ప్లగ్గులో పెట్టండి, 1380 దాటేదాన్ని పవర్ ప్లగ్గులోనే పెట్టండి. గీజరు, ఏసీ, ఫ్రిజ్జు నేరుగా గోడకే. వాటికి ఎక్స్‌టెన్షన్ మాటే ఎత్తొద్దు.

ఇప్పుడు చేపల సంగతి చెప్తా. ఇది చెప్పకుండా మైకు దిగితే నాకు రాత్రి నిద్ర పట్టదు.

గోవిందరాజస్వామి గుడికి కాస్త అవతల ఒక ఇల్లు. పెద్దాయన మహా ఆచారవంతుడు, ఆ ఇంట్లో ఉల్లిపాయ కూడా ఆలోచించి తరుగుతారు. మేడమీది వాటా అద్దెకిచ్చినారు. ఒక సాయంత్రం ఇల్లంతా చేపల వాసన. కుళ్లిన చేపలు. పెద్దాయన ఉగ్రనరసింహుడైపోయి మెట్లెక్కినాడు. పైవాళ్లు పాపం శనివారమని పులిహోర కలుపుకుని తింటా ఉండారు. ‘మేము తెచ్చుకోలేదయ్యా’ అంటే ఈయన వినడే! వంటగదిలోకి పోయి గిన్నెల మూతలు తీసి చూసినాడంట. మాటా మాటా పెరిగి, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయమన్నాడు.

మర్నాడు పొద్దున వాసన లేదు. సాయంత్రానికి మళ్లీ వచ్చింది. మురుగు కాలువేమో అని మనిషిని పెట్టి తవ్వించినారు. చచ్చిన ఎలకేమో అని బీరువాలు జరిపించినారు. ఎలక దొరకలేదు గానీ హాల్లో ప్లగ్గు మాత్రం పని చేయకుండా పోయింది. అప్పుడు పిలిచినారు నన్ను.

నేను గడప దాటతానే అడిగినా, ఎంసీబీ బోర్డు యాడుంది అని. ఎంసీబీ అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయే స్విచ్చు. ముందు మెయిన్ దించి, తర్వాత గోడ దగ్గరికి పోయినా. బీరువా వెనకాల సాకెట్, ఒక బొక్క చుట్టూ తెల్ల ప్లేటు గోధుమరంగుకి తిరిగుంది. ప్లగ్గు పీకితే రాలే. ప్లాస్టిక్ కరిగి పిన్నుకి పట్టుకోనుంది. ప్లేటు విప్పి చూస్తే వైరు మీద తొడుగు చేత్తో ముట్టుకుంటానే పెచ్చులు పెచ్చులుగా రాలిపోతా ఉంది, లోపల రాగి నల్లబడిపోయింది. సామీ, స్విచ్చులు, సాకెట్లు చేసే కొన్ని రకాల ప్లాస్టిక్కులు మాడితే వచ్చేది అచ్చం చేపల వాసనే. ఇంట్లో చేప వండకుండా చేపల వాసన వచ్చిందంటే, ముందు పక్కింటాయన్ని కాదు, స్విచ్‌బోర్డుని అనుమానించండి.

ఆ సాకెట్‌కి ఏముంది? ఒక మల్టీ ప్లగ్గు. దాంట్లో ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఆ బాక్సులో ఇంకో బాక్సు, అది తలుపు సందులోంచి వంటింట్లోకి పోయింది. సాయంత్రమైతే ఆ చివర కెటిల్లో కాఫీకి నీళ్లు, ఈ చివర పిల్లల యూనిఫాంలకి ఇస్త్రీ. 1500, 1000 కలిపి 2500 వాట్లు. 230తో భాగిస్తే సుమారు 11 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్లో, రోజూ! కరెంటు రెండింతలయితే వేడి నాలుగింతలవుతుంది, రెండు కాదు. దానికి తోడు పిన్ను వదులు.

‘మరి ఎంసీబీ పడలేదే’ అన్నాడు పెద్దాయన. ఎందుకు పడుతుంది? బోర్డులో ఉండేది 16 ఆంపియర్లది. 11 అంటే దానికి ఏం లెక్క? దాని కాపలా గోడలో ఉన్న వైరుకి, మీ బాక్సుకి కాదు. ఆర్‌సీసీబీ అని ఇంకోటి ఉంటుంది, 30 మిల్లీ ఆంపియర్లు లీకయితే పడి మనిషిని కాపాడుతుంది. అది ఉండాల్సిందే. కానీ లోడు ఎక్కువైందని అది కూడా పడదు.

పనయిపోయినాక పెద్దాయన మేడెక్కి ఒక మాట చెప్తాడని కాసేపు ఆడే నిలబడినా. పోలేదు. పైవాళ్లు అప్పటికే లారీ మాట్లాడుకున్నారు.

నా కోపం ఆయన మీద కాదు. మూడు బాక్సులు ఎందుకు తగిలించుకోవాల్సి వచ్చింది? అంత పెద్ద హాలుకి పెట్టింది ఒక్క ప్లగ్ పాయింటు. ఈ మాట ఇక్కడున్న ఇంటి ఓనర్లందరికీ చెప్తా ఉండా, కోపమొచ్చినా సరే. గ్రానైటుకి బేరం ఆడరు. టేకు తలుపుకి ఆడరు. పాయింటుకి ఇంత అని మేము రేటు చెప్తానే, ‘ఈ గదికి ఒకటి చాల్లేప్పా, తీసెయ్’ అంటారు. మన ఊళ్లో ఎస్వీ యూనివర్సిటీ ఉంది, మహిళా యూనివర్సిటీ ఉంది, ఊరంతా చదువుకునే పిల్లలు. గదికి నలుగుర్ని పెట్టి ఒక్క ప్లగ్గు ఇస్తే, ఆ పిల్లలు కెటిలు యాడ పెట్టుకోవాల? హీటర్ రాడ్డు యాడ పెట్టుకోవాల? తర్వాత ‘మా అద్దెవాళ్లు బోర్డు కాల్చినారు’ అని అడ్వాన్సులో పట్టుకుంటారు. ఇది న్యాయమా? చెప్పండి. చప్పట్లు వద్దు, జవాబు చెప్పండి.

ఇంకో మోసం ఉంది. సన్న సాకెట్ పీకేసి అదే వైరుకి లావు సాకెట్ బిగించడం. 16 ఆంపియర్ల పాయింటుకి బోర్డు దగ్గర్నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు రావాల. లోపల సన్న వైరు పెట్టి బయట మొహం మారిస్తే అది పవర్ ప్లగ్ కాదు.

బాక్సు తప్పనిసరైతే ఐఎస్ఐ మార్కు చూసి కొనండి, ఎన్ని ఆంపియర్లో దాని మీద రాసుంటుంది. బాక్సుకి బాక్సు తగిలించొద్దు. వైరు చుట్ట విప్పి పరచండి, చాప కింద పెట్టొద్దు. మూడో పిన్ను, అదే ఎర్త్ పిన్ను, విరగ్గొట్టి వాడేవాళ్లకి నేను దణ్ణం పెడతా. పొగ వస్తే నీళ్లు పొయ్యొద్దు, ముందు మెయిన్ దించండి. మంట లేస్తే 101కి, సరఫరా లోపమైతే 1912కి ఫోన్ చేయండి.

గంట కొడతా ఉన్నారు, అయిపోయింది. ఈ శ్రావణంలో మేడ కట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. మేస్త్రీని పూతకి రమ్మనే ముందు నాకొక మాట చెప్పండి. మంచానికి రెండు పక్కలా, టీవీ వెనకాల, వంటింటి గట్టు మీద ఎన్ని పాయింట్లు కావాలో ఇంట్లో ఆడవాళ్లని నిలబెట్టి అడుగుతా, గోడ మీద గుర్తులు పెడతా. డబ్బులేం వద్దు, సుద్దముక్క కూడా నేనే తెచ్చుకుంటా. సిమెంటు ఆరినాక మాత్రం పిలవొద్దు.