బొమ్మ పాపదా, నాయనదా?

(అనంతపురంలో దసరా బొమ్మల కొలువు బహుమతుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, నేను వదిలేస్తున్నాను. కొలువుల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను గానీ, ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి. మూడో వరుసలోనే ఉన్నాడు, తల దించుకున్నా కనిపిస్తున్నాడు.

వాళ్ళ పాపకు లబుబు అనే బొమ్మ కావాలి. కుందేలు చెవులు, నోటినిండా కోరపళ్ళు. కాసింగ్ లంగ్ అనే చిత్రకారుడు 2015లో తన బొమ్మల కథల కోసం గీసిన రూపం అది. ఇప్పుడు పాప్ మార్ట్ అనే చైనా కంపెనీ అమ్ముతోంది. మావాడు ఒక్క మాటలో తేల్చేశాడు: "ఆ దయ్యం ఇంట్లోకి రాకూడదక్కా."

గట్టిగా అడిగితే అసలు కారణం బయటపడింది. దాన్ని పెట్టె మూసి అమ్ముతారు. లోపల ఏ రంగు బొమ్మ ఉందో విప్పేదాకా తెలియదు. కొన్ని సిరీస్‌లలో 'సీక్రెట్' అనే అరుదైన బొమ్మ 72 పెట్టెలకు ఒక్కటే. "ఇది లాటరీ కాదా?" అన్నాడు. ముమ్మాటికీ లాటరీయే! పైగా నకిలీల బెడద. అసలు లబుబుకు 9 పళ్ళుంటాయి, అంగట్లో నిలబడి పళ్ళు లెక్కపెట్టుకోవాలి.

అందుకే చెబుతున్నా, నాయన వద్దంటే దేన్ని వద్దంటున్నాడో కనుక్కోండి. రూపమా, ధరా, చదువు పోతుందనా? మావాడి కోపం జూదం మీద. అయితే కళ్ళతో చూసి ఎంచుకునే బొమ్మను కాదనలేడు కదా!

తండ్రినీ, పాపనూ ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు తీసుకుపోయాను. తోలుబొమ్మలకు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన ఊరు. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా చేసి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులేసి, కీళ్ళు దారంతో కడతారు. పాప రావణుణ్ణి పట్టుకుంది, పది తలలూ లెక్కపెట్టుకోవచ్చని. రామాయణం కాబట్టి నాయనకు నోరు లేవలేదు.

తర్వాత ఏం చేశాడో తెలుసా? ఫ్రేము కట్టించాడు! టీవీ పైన మేకు కొట్టి తగిలించాడు. "చిరిగిపోతుందక్కా" అంటాడు. అప్పా, చేయి ఆడించడానికే కదరా ఆ కీళ్ళు పెట్టింది? అద్దంలో బిగించేటట్టయితే క్యాలెండరు చాలదా? కొలువు సంగతీ అంతే. తొమ్మిది రోజులు "ముట్టుకోవద్దు", పదో రోజు పెట్టెలో, పెట్టె అటక మీద. వెనక నవ్వుతున్న నాయనలారా, మీ ఇళ్ళ షోకేసుల తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి?

టైమైందని చీటీ పంపారు. కొలువు చరిత్ర రాసుకొచ్చిన కాగితం కార్యదర్శి గారికి ఇస్తాను, చదువుకోండి. ఈరోజు బహుమతులు కూడా బొమ్మలేనట. పిల్లల చేతికే ఇస్తాను, నాయనలెవరూ మెట్లెక్కొద్దు. కవర్లు ఇక్కడే చింపుదాం. మొదటి పేరు చదవండమ్మా.