పుట్టీ ఆరదు, తోడుకుంటుంది

(బల్ల మీద పుట్టీ డబ్బా, ఎర్ర హార్డెనర్ ట్యూబు, సొట్టపడ్డ కారు డోరు)

"పుట్టీ పెట్టి రెండు రోజులైంది, ఇంకా ఆరలేదండీ. ఎండలో ఉంచాను." ఎండలో పెట్టడానికి అదేమైనా వడియమా?

బాడీ పుట్టీ అంటే పాలిస్టర్ రెజిన్ అనే చిక్కటి జిగురులో టాల్క్ పొడి కలిపిన ముద్ద. హార్డెనర్‌లోని బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితేనే బిగుస్తుంది. ఆరదు, తోడుకుంటుంది. పాలల్లో తోడేసినట్టే.

తోడెంత? 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాములు. వంటింటి కాటా అంత చిన్న తూకం సరిగా పట్టదు, నగలు తూచే బుల్లి కాటా తెచ్చుకోండి. విజయవాడ మే నెల మధ్యాహ్నమైతే 2 కూడా ఎక్కువే, డబ్బా మీద రాసిన కనీసానికి దిగండి. తోడు తక్కువైతే జిగట జిగటగానే ఉండిపోతుంది, రెండు రోజులైనా అంతే. ఎక్కువైతే పులుస్తుంది: మిగిలిన పెరాక్సైడ్ పైకి పాకి, తెల్ల పెయింట్ మీద పసుప్పచ్చ మరకై తేలుతుంది.

(క్లోజప్: గాజు పలక మీద నిమ్మకాయంత ముద్ద, పక్కన ఎర్ర గీత)

కలిపేటప్పుడు మజ్జిగ చిలికినట్టు చిలక్కండి. గాలి చేరిందంటే రుద్దాక సూది బెజ్జాలే. స్ప్రెడర్‌తో, అంటే పుట్టీ పూసే చదును పలకతో, నొక్కుతూ, మడుస్తూ కలపండి. ఎర్ర చార ఒక్కటి కూడా మిగలకూడదు. అట్టముక్క మీద కలపొద్దు, అది రెజిన్ పీల్చేస్తుంది.

ఇక చేతిలో ఉండేది నాలుగైదు నిమిషాలే. ముద్ద జెల్లీలా మారుతుంటే ఆపేయండి. తోడుకుంటున్న గిన్నె కదిపితే ఏమవుతుందో తెలుసుగా! స్ప్రెడర్ వెంట ఉండలుండలుగా లేచొస్తుంది. మిగిలింది డబ్బాలో వెయ్యొద్దు, పెరుగు గరిటె పాలగిన్నెలో ముంచినట్టే.

(డోరు మీద చెయ్యి నిమురుతూ)

అసలు పని పుట్టీకి ముందే ఉంది. డోరు రేకు మందం 1 మిల్లీమీటరు కూడా ఉండదు. దాని మీద వేలెడు మందాన పుట్టీ మెత్తితే, ఎండకి రేకు ఒకలా, పుట్టీ ఒకలా సాగి పగుళ్ళిస్తుంది. ముందు సొట్ట బయటికి లాగండి, ఉబ్బిన చోట సుత్తితో మెల్లగా దించండి. పుట్టీ పల్లాన్ని నింపుతుందే గానీ మిట్టని దించదు కదా. 3 మిల్లీమీటర్లకి మించి మిగిలితే మళ్ళీ లాగాల్సిందే. చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పున పెయింట్ తీసి, 80 నంబరు శాండ్ పేపరుతో రేకుకి గరుకు తెప్పించండి, నున్నటి రేకుని పుట్టీ పట్టుకోదు. మొదటి పూత పల్చగా, గట్టిగా నొక్కి పూయండి.

తుప్పుపట్టి చిల్లుపడ్డ చోట పుట్టీ పెట్టడం, సారీ, మోసం. వెనకనుంచి నీళ్ళు పీల్చుకుంటుంది, లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. రేకు కోసి వెల్డింగే.

టైమ్ అయిపోతోంది, రుద్దడం గబగబా చెప్పేస్తా. వేళ్ళతో కాదు, చెక్కదిమ్మకి పేపరు చుట్టి. 80, తర్వాత 180, ఆఖర్న 320. మధ్యలో నల్ల స్ప్రే పల్చగా చల్లి రుద్దండి, నలుపు మిగిలిన చోటల్లా పల్లమే. నీళ్ళు మాత్రం పోయొద్దు! మన షెడ్లలో ఈ అలవాటు చూస్తే ఒళ్ళు మండుతుంది. టాల్క్ తాగిన నీళ్ళే తర్వాత పెయింట్ కింద బొబ్బలవుతాయి. నీటి పేపరు ప్రైమర్, అంటే పెయింట్‌కి ముందు వేసే అడుగుపూత, వేశాకే.

సూది బెజ్జాలకి ఫినిషింగ్ పుట్టీ, దాని మీద ప్రైమర్. రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి. ప్లాస్టిక్ బంపర్‌కి ఈ డబ్బా పనికిరాదు, వంగినప్పుడల్లా చిట్లుతుంది. దానికి సాగే రకం విడిగా దొరుకుతుంది, షాపులో బంపర్ కోసమని చెప్పి అడగండి.