అంగడి వీధిలో కూర్చునే చోటు

సభకు నమస్కారం. కడప వై.వి. స్ట్రీట్ వర్తకులు, ఏడురోడ్ల దగ్గర తోపుడు బండ్లు పెట్టుకునేవాళ్లు, వాళ్ల దగ్గర కొనే ఆడవాళ్లు ఒకే హాల్లో కూర్చోవడం అరుదు. అందుకే ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వస్తాను.

కడపలో ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్పినదాన్ని కాబట్టి ఈ మధ్య వర్తకులు కనిపించినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు: "అమెరికాలో మాల్‌లే మూతపడుతున్నాయంట, ఫోను వాటిని మింగేసిందంట, రేపు మా అంగళ్ల గతేంది మేడమ్?" ఫోను మింగిందన్న మాటలో నిజం కొంతే. మిగతా కథ మనకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

పూర్తిగా పైకప్పు కింద, ఏసీతో కట్టిన మొదటి అమెరికా మాల్ పేరు సౌత్‌డేల్. 1956లో మినియాపొలిస్ పక్కనున్న ఈడైనాలో తెరిచారు. దాన్ని రూపొందించిన విక్టర్ గ్రూయెన్ వియన్నాలో పుట్టిన యూదుడు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించుకున్నాక అమెరికా చేరాడు. అక్కడి శివార్లలో ఎవరి కారులో వాళ్లు పోవడమే తప్ప మనిషికి మనిషి ఎదురుపడే చోటు లేకపోవడం ఆయనను బాధపెట్టింది. తన ఊరి వీధుల్లాగా నడవడానికి దారి, కూర్చోవడానికి బెంచీలు, చెట్లు, చుట్టుపక్కల ఇళ్లు, బడి, ఆసుపత్రి, పార్కు ఉండాలని ప్లాను గీశాడు. కట్టేవాళ్లకు లాభమిచ్చేవి అంగళ్లు కాబట్టి దేశమంతటా అంగళ్లే కట్టుకుంటూ పోయారు. చుట్టూ ఉన్న నేలంతా కార్ల పార్కింగు అయింది. 1978లో లండన్‌లో మాట్లాడుతూ, ఈ మాల్‌లకు నన్ను తండ్రి అనొద్దని గ్రూయెన్ తెగేసి చెప్పాడు. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోవాలి. మాల్ ఆలోచన వ్యాపారం కంటే ముందు మనుషులు కలిసే చోటు కోసం పుట్టింది.

మరి ఎందుకు కూలాయి? మాల్ లెక్క ఇట్లా ఉంటుంది. రెండు కొసల్లో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఉంటాయి. జనాన్ని రప్పించేవి అవే కాబట్టి వాటికి అద్దె బాగా తక్కువ. ఆ భారం నడుమనున్న చిన్న అంగళ్ల మీద పడుతుంది. పెద్ద స్టోరు మూతపడితే అద్దె తగ్గించుకోవచ్చు, లేదా ఖాళీ చేసి పోవచ్చు అని చాలా చిన్న అంగళ్ల ఒప్పందాల్లో షరతు ఉంటుంది. అంటే ఒక స్టోరు పోయిందంటే దాని వెనకే వరసగా అంగళ్లు పోతాయి. అట్లా పోయిన పెద్ద స్టోర్లలో సియర్స్ ఒకటి. పల్లెటూళ్ల ఇళ్లకు కేటలాగు పంపి, ఉత్తరం రాస్తే సరుకు పంపిన కంపెనీ అది. ఇంటికే సరుకు చేర్చే ఆ పెద్ద కేటలాగును 1993లో ఆపేసింది. మరుసటి సంవత్సరమే అమెజాన్ పుట్టింది. 2018లో సియర్స్ దివాలా పిటిషన్ వేసింది.

ఇంకో లెక్క చూడండి. అమెరికాలో ఈనాటికీ చిల్లర అమ్మకాల్లో ఆన్‌లైన్ వాటా ఆరో వంతు దరిదాపుల్లోనే ఉంది. మిగతాదంతా అంగళ్లలోనే నడుస్తోంది. అయినా మాల్‌లు పోయాయంటే, కొనేవాళ్లను మించి కట్టడమే పెద్ద కారణం. ఒహాయోలోని నార్త్ రాండల్‌లో 1976లో తెరిచిన రాండల్ పార్క్ మాల్ ఆ కాలానికి ప్రపంచంలోని అతిపెద్ద మాల్‌లలో ఒకటి. దాన్ని కూలగొట్టిన నేల మీద ఇప్పుడు అమెజాన్ గోదాము ఉంది. చాలా మాల్‌లలో పొద్దున్నే అంగళ్లు తెరవకముందే ముసలివాళ్లు వచ్చి నడిచేవాళ్లు, ఒకరినొకరు పలకరించుకునేవాళ్లు. మాల్ పోతే వాళ్లకు ఆ చోటు కూడా పోయింది. ఆ నష్టం ఎవరి బ్యాలెన్స్ షీట్‌లోనూ కనబడదు.

మన దేశానికి వస్తే, 1999లో ఢిల్లీలో అన్సల్ ప్లాజా, ముంబైలో క్రాస్‌రోడ్స్ తెరిచారు. ఆ తర్వాత నగరాల్లో కట్టిన చాలా మాల్‌లలో ఒక్కో అంగడిని ఒక్కో పెట్టుబడిదారుకు అమ్మేశారు. వందమంది యజమానులైతే ఏ అంగడి ఎక్కడుండాలి, లిఫ్టు చెడితే ఎవరు బాగుచేయించాలి అని చూసే దిక్కుండదు. అట్లాంటివి ఖాళీ అయ్యాయి. ఒకే యజమాని అద్దెలకిచ్చి నడిపిస్తున్నవి నిండుగానే ఉన్నాయి.

కడపలో మాల్ అని బోర్డున్నవి ఎక్కువగా నాలుగైదు అంతస్తుల బట్టల అంగళ్లే. పెళ్లిళ్ల సీజన్‌లో వాటిలో కాలు పెట్టే సందుండదు. ధర తక్కువని పోతున్నారా? నా అనుభవంలో ఆడవాళ్లు చెప్పే కారణాలు వేరే. మే నెల ఎండలో లోపల చల్లగా ఉంటుంది. చంటిబిడ్డతో కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది. శుభ్రమైన టాయిలెట్ ఉంటుంది. ధర చీటీ మీద ఉంటుంది కాబట్టి బేరమాడలేనివాళ్లు నష్టపోరు. ఇరవై చీరలు చూసి ఒక్కటీ కొనకుండా బయటికొచ్చినా మొహం చిట్లించేవాళ్లు లేరు.

ఇందులో టాయిలెట్ సంగతి నేను గట్టిగానే చెప్తాను. పల్లెల నుంచి పొద్దున బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా బజార్లో తిరిగే ఆడవాళ్లు ఎంతమంది నీళ్లు తాగకుండా తిరుగుతున్నారో ఈ హాల్లో ఉన్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. పెళ్లి బట్టలకు వచ్చిన పెద్దావిడ నాలుగు అంగళ్లు తిరగాల్సింది రెండింటితో ముగించి ఇంటికి పోతుంది. అది ఆమెకు బాధ, మీకు పోయిన గిరాకీ.

ఇక ఫోను. ఫ్లిప్‌కార్ట్ 2007లో మొదలైంది. 2010లో సరుకు ఇంటికొచ్చాక డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టింది. మనవాళ్ల భయం అక్కడ తీరింది. 2016లో జియో వచ్చి డేటా చౌకైంది, యూపీఐ కూడా ఆ ఏడాదే మొదలైంది. మీషో లాంటి యాప్‌లు రెండు మూడు వందల రూపాయల చీరను పల్లెలో గడప ముందుకు తెచ్చాయి. నచ్చకపోతే తిరిగి పంపొచ్చు. వర్తకులు దీన్ని చౌకబేరం అనే అంటారు గానీ, అంతకంటే లోతైన కారణం ఒకటుంది. లోదుస్తులు కావాలంటే అంగట్లో మగమనిషిని అడగాలి, సైజు గట్టిగా చెప్పాలి. ఫోన్లో ఎవరినీ అడగనక్కర్లేదు. లావుగా ఉన్న అమ్మాయి డ్రెస్సు అడిగితే "మీ సైజు లేదమ్మా" అని నలుగురి ముందు వినాల్సిన పనిలేదు. ఆ ఆడపిల్లలను ఆన్‌లైన్ పిచ్చి అని తిట్టకండి. వాళ్లు మర్యాద వెతుక్కుంటూ పోయారు. ఆ మర్యాద మన అంగట్లో దొరికితే వెనక్కొస్తారని నేను నమ్ముతున్నాను.

ఎందుకంటే ఫోను ఇవ్వలేనివి మీ దగ్గర చాలా ఉన్నాయి. పసుపు అమ్మిన డబ్బు చేతికొచ్చేదాకా రైతుకు ఖాతా మీద సరుకులిచ్చేది ఊరి శెట్టి అంగడే. ఆ రైతు మొహం చూసి అప్పిచ్చే యాప్ లేదు. ప్రొద్దుటూరును చూడండి. రెండో బొంబాయి అని ఊరికే పేరు రాలేదు. తల్లి కొన్న అంగట్లోనే కూతురికీ బంగారం కొంటారు, వస్తువు చేతిలో పట్టుకుని తూకం చూస్తారు, పాతది మార్చుకుంటారు. మాధవరం చేనేత చీర, మరమగ్గం మీద నేసిన దాని నకలు ఫోటోలో రెండూ ఒకేలా ఉంటాయి. రెంటినీ వేళ్ల మధ్య పెట్టి చూపించి తేడా చెప్పగలిగేది మీరు. మగ్గం మీద బతికేవాళ్లకు మీ అంగడి ఎంత అవసరమో ఆలోచించండి.

ఫోనును మీరూ వాడుకోవచ్చు, ఇప్పటికే వాడుతున్నారు. బండి మీద క్యూఆర్ కోడ్ లేని పండ్లవ్యాపారి తక్కువ. వీడియో కాల్‌లో చీరలు చూపించి పార్శిల్ పంపే అంగళ్లూ ఉన్నాయి. దాని మీద ఎక్కువ చెప్పను, మీకే బాగా తెలుసు.

నేను అడగదలచింది వీధి గురించి. రంజాన్ రాత్రుల్లో, అమీన్‌పీర్ దర్గా ఉరుసు రోజుల్లో, ఉగాదికి దేవుని కడపకు జనం వచ్చినప్పుడు మన బజారు ఎంత కళగా ఉంటుందో చూశారు కదా. కులం మతం లేకుండా ఊరంతా భుజం రాసుకుని తిరిగే చోటు ఇంకోటి లేదు. గ్రూయెన్ కోట్లు పెట్టి కట్టించాలనుకున్నది మనకు ముందే ఉంది. నీడ, నీళ్లు, టాయిలెట్, నాలుగు బెంచీలు మాత్రం లేవు. వేసవిలో ఐదు దాటితే గానీ మనిషి బయటికి రాలేడు. అందుకే సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ప్రధాన వీధిలోకి మోటారు బండ్లు, కార్లు రాకుండా ఆపాలంటున్నాను. గిరాకీ పడిపోతుందని మీకు భయం ఉంది. పండగ రాత్రుల్లో బండి కదలనంత జనం ఉన్నప్పుడే కదా మీకు అమ్మకాలు ఎక్కువ! నెల రోజులు చేసి చూడండి, లెక్కలు మీ దగ్గరే ఉంటాయి.

తోపుడు బండ్లవాళ్లను తరిమేసి వీధిని బాగుచేద్దాం అనే మాట కూడా వినబడుతోంది. నేను దాన్ని ఒప్పుకోను. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. బండి ఎక్కడ పెట్టాలో ఆ కమిటీలో వాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి.

చివరగా పెద్ద అంగళ్ల యజమానులకు. మీ అంతస్తుల్లో చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు పొద్దున నుంచి రాత్రి దాకా నిలబడి చీరలు మడతపెడుతున్నారు. నా దగ్గర చదివిన పిల్లలూ వాళ్లలో ఉన్నారు, రాత్రికి కాళ్లు వాచిపోతాయని నాతో చెప్పారు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో అంగళ్లలో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ చట్టం సవరించాయి. మీరు చట్టం కోసం చూడకండి, రేపే స్టూళ్లు వేయించండి. వీధి వైపు టాయిలెట్ తలుపు తెరిచి, కొన్నా కొనకపోయినా వాడుకోనివ్వడానికి ఒప్పుకునే యజమానులు ఇప్పుడే ముందుకొచ్చి ఈ కాగితం మీద అంగడి పేరు రాయండి. కార్పొరేషన్‌కు ఇచ్చే అర్జీలో మొదటి పేజీగా దాన్నే పెడతాం.