రెడ్‌మీ నోట్ 10 డిస్‌ప్లే ఇంట్లోనే మార్చడం: గమ్ పూసే ముందు ఫ్రేమ్ చూసుకోండి

నమస్తే అండీ. ఇదిగో చూడండి, రెడ్‌మీ నోట్ 10. 2021లో వచ్చిన ఫోన్, 6.43 అంగుళాల అమోలెడ్ డిస్‌ప్లే. మా పిన్నిది. స్కూటీ ముందు అరలో పడేసి స్పీడ్ బ్రేకర్ ఎక్కించింది, ఎగిరి రోడ్డు మీద పడింది. పడటం కూడా సరిగ్గా ఈ మూల మీద పడింది. తమ్ముడూ, కొంచెం దగ్గరికి చూపించు... ఆ, ఇక్కడ. ఈ మూల గుర్తు పెట్టుకోండి, తర్వాత దీని దగ్గరే చాలాసేపు ఆగుతాం.

ముందు ఒక మాట. పైన గ్లాస్ ఒక్కటే పగిలింది, లోపల బొమ్మ బాగానే వస్తోంది, గ్లాస్ ఒక్కటే మార్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో అవదండీ. ఆ గ్లాస్, కింద ప్యానెల్ రెండూ పారదర్శకంగా ఉండే ఒక గమ్ పొరతో అతుక్కుని ఉంటాయి. విడదీయడానికి ఒక మెషీన్, మళ్లీ అతికించడానికి ఇంకో మెషీన్, బుడగలు పోవడానికి మరొకటి. అవన్నీ షాపుల్లో ఉంటాయి. ఇంట్లో మనం మార్చేది మొత్తం డిస్‌ప్లే. స్పేర్ పార్టుల షాపులో కాంబో అనండి, ఫోల్డర్ అనండి, ఏదన్నా ఇదే ఇస్తారు.

ఇంకో ముఖ్యమైనది, డేటా. ఈ ఫోన్‌లో బొమ్మ వస్తోంది, టచ్ మాత్రం పని చేయట్లేదు. అప్పుడేం చేయాలంటే, ఇదిగో ఈ చిన్న ఓటీజీ అడాప్టర్, అంటే ఫోన్ చార్జింగ్ పోర్టుకి మౌస్ లాంటివి తగిలించేది, దానికి మామూలు కంప్యూటర్ మౌస్. పెట్టగానే చూడండి, స్క్రీన్ మీద బాణం గుర్తు వచ్చింది. దీంతో ప్యాటర్న్ కూడా గీయొచ్చు. ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్, అన్నీ ఇప్పుడే తీసేసుకోండి. తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

సరే, డిస్‌ప్లే కొనడం. నేనైతే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తాను, లేదంటే అబిడ్స్ జగదీశ్ మార్కెట్. ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి, కానీ చేతిలో పట్టుకుని చూసి కొనడం నాకిష్టం. అక్కడ మిమ్మల్ని అడిగేది ఒకటే: అమోలెడ్ కావాలా, ఇన్‌సెల్ కావాలా? అమోలెడ్ అంటే వెనక లైటు లేకుండా తనంతట తానే వెలిగేది, ఇన్‌సెల్ అంటే ఎల్‌సీడీ. ధరలో చాలా తేడా ఉంటుంది, చూడగానే ఇన్‌సెల్ వైపే చెయ్యి పోతుంది. నన్నడిగితే వద్దంటాను. ఎల్‌సీడీకి వెనక బ్యాక్‌లైట్ ఉండాలి కాబట్టి మందంగా ఉంటుంది. ఫ్రేమ్‌లో కూర్చున్నాక అంచు కొంచెం పైకి లేస్తుంది, జేబులోంచి తీసేటప్పుడు వేలికి తగులుతుంది. నలుపు నలుపుగా ఉండదు, బూడిద రంగులో కనిపిస్తుంది. ఈ ఫోన్‌కి వేలిముద్ర పక్క బటన్‌లో ఉంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. అదే వేలిముద్ర డిస్‌ప్లే కింద ఉండే ఫోన్లకి ఇన్‌సెల్ వేస్తే ఇక ఆ వేలిముద్ర మర్చిపోవాల్సిందే. అందుకని పిన్నికి అమోలెడే తెచ్చాను.

ఫ్రేమ్‌తో ఒకటి, ఫ్రేమ్ లేకుండా ఒకటి దొరుకుతాయి. ఫ్రేమ్‌తో తీసుకుంటే బోర్డు, బ్యాటరీ, స్పీకరు అన్నీ పీకి కొత్త దాంట్లోకి మార్చాలి. గమ్ పని ఉండదు కానీ బ్యాటరీ పీకాలి, మొదటిసారి చేసేవాళ్లకి అది భయం. ఇవాళ మనం ఫ్రేమ్ లేనిదే వేస్తున్నాం.

సామాన్లు. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, ప్లాస్టిక్ పిక్‌లు, అంటే సందులో దూర్చి లేపే పల్చటి ముక్కలు, ట్వీజర్, హెయిర్ డ్రయ్యర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, బీ7000 గమ్, రబ్బరు బ్యాండ్లు. ఆ, ఇంకొకటి, పాత ఎక్స్‌రే ఫిల్మ్. నవ్వకండి. రిపేర్ షాపుల్లో చూడండి, సగం మంది దీన్నే ముక్కలుగా కోసి వాడతారు. సన్నగా ఉంటుంది, వంగుతుంది, గీత పడదు. పిక్ దూరని సందులోకి కూడా ఇది దూరుతుంది. ఇంట్లో ఎవరిదో ఒకరి మోకాలి ఎక్స్‌రే ఉండే ఉంటుంది కదా. కంటికి అద్దాలు కూడా పెట్టుకోండి, గాజు పెంకులు ఎగురుతాయి.

చార్జింగ్ 25 శాతం లోపు ఉండేలా చూసుకుని స్విచాఫ్ చేశాను. సిమ్ ట్రే తీసేశాను. మర్చిపోకండి, ట్రే ఉండగా బలవంతంగా లాగితే విరుగుతుంది. వెనక మూత ప్లాస్టిక్‌దే. చుట్టూ డ్రయ్యర్‌తో వేడి చేసి, ఇలా పిక్ దూర్చి, చుట్టూ తిప్పితే... వచ్చేసింది. ఇది సులువు, దీని మీద టైమ్ వేస్ట్ చేయను. ఈ ప్లేటు స్క్రూలు తీసేద్దాం. తీసిన స్క్రూ తీసినట్టే కాగితం మీద ఫోన్ బొమ్మ గీసుకుని, ఏది ఎక్కడిదో అక్కడే టేపు వేసి అంటించండి. పొడవు తేడాలుంటాయి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడవుది బిగిస్తే కింద ఏముంటే దాన్ని తొలుచుకుంటూ పోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్. ఇదిగో, ఇది. ప్లాస్టిక్‌తోనే లేపండి, ట్వీజర్ వద్దు. బ్యాటరీ తీయకుండా డిస్‌ప్లే కనెక్టర్ ముట్టుకోకండి. కరెంటు ఉండగా డిస్‌ప్లే పీకినా, పెట్టినా బోర్డులో డిస్‌ప్లే లైను పోవచ్చు. అప్పుడు కొత్త డిస్‌ప్లే పెట్టినా నల్లగానే ఉంటుంది, మీరేమో డిస్‌ప్లే బాలేదని షాపువాడితో గొడవకి దిగుతారు. బ్యాటరీ ముందు పీకాలి, చివర పెట్టాలి. ఇది డిస్‌ప్లే స్ట్రిప్, అంటే డిస్‌ప్లే నుంచి బోర్డుకి వచ్చే పల్చటి పట్టీ కేబుల్. ఇదీ లేపేశాను.

ఫోన్ తిప్పుదాం. పగిలిన గాజు మీద ముందు వెడల్పాటి సెల్లో టేపు అంటించండి, పెంకులన్నీ దానికే పట్టుకుని ఉంటాయి. అంచు వెంట వేడి చేయండి. ఒక్కచోటే పెట్టి కూర్చోవద్దు, డ్రయ్యర్ తిప్పుతూ ఉండాలి, కింద బ్యాటరీ ఉంది. చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి చాలు. ఇప్పుడు ఎక్స్‌రే ముక్క... దూరింది. పక్కలు, కింది భాగం. పైన మధ్యలో సెల్ఫీ కెమెరా ఉంది కదా, అక్కడ లోతుకి పోవద్దు. పాత డిస్‌ప్లే విరిగినా బాధ లేదు, కెమెరాకి గీత పడితే ఫొటోలన్నీ మసకే. సరే, లేచింది. స్ట్రిప్ ఈ సందులోంచి బయటికి లాగేద్దాం. పాతది పక్కన పెట్టండి, చెత్తలో వేయకండి, దానితో పనుంది.

ఇప్పుడు అసలు సంగతి. చాలా వీడియోల్లో ఈ భాగాన్ని ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేస్తారు. నేను మాత్రం ఇక్కడే ఆగుతాను. ఎందుకంటే, కొత్త డిస్‌ప్లే వేశాక నాలుగు రోజులకే దానంతట అదే గీత పడిందండీ, కింద కూడా పడలేదు అంటూ ఫోన్లు పట్టుకొస్తారు. ఒకప్పుడు నాకూ అర్థమయ్యేది కాదు, డిస్‌ప్లే క్వాలిటీ లేదని తిట్టుకునేవాణ్ని. డిస్‌ప్లేది కాదు తప్పు, ఫ్రేమ్‌ది.

తమ్ముడూ, లైట్ పక్క నుంచి కొట్టు. పైనుంచి కాదు, పక్క నుంచి, అడ్డంగా. ఆ... ఇప్పుడు చూడండి. పైనుంచి వెలుతురు పడినప్పుడు శుభ్రంగా కనిపించింది కదా? ఇప్పుడు ఈ అంచులో తళుక్కుమంటున్నవి చూడండి. అవన్నీ గాజు పొడి. పాత గమ్‌లో ఇరుక్కుని ఉంటుంది. అమోలెడ్ ప్యానెల్ చాలా పల్చన. ఒక్క రేణువు కింద ఉన్నా, మీరు పైనుంచి నొక్కగానే బరువంతా ఆ ఒక్క చోటే పడుతుంది. అక్కణ్నుంచి గీత మొదలవుతుంది. కాబట్టి పాత గమ్ మొత్తం తీయాలి. కొంచెం వేడి చేసి, పిక్‌తో ఇలా తోస్తే సేమియాలా చుట్టుకుని వస్తుంది. వేలితో తడమకండి, తెగుతుంది. తర్వాత ఇయర్‌బడ్‌కి ఆల్కహాల్ అద్ది చుట్టూ తుడవండి. ఇయర్‌పీస్ జాలీ దగ్గర మాత్రం తడిగా ఉన్న బడ్ వద్దు, పొడి బ్రష్ చాలు. మళ్లీ పక్క నుంచి లైట్ కొట్టి చూడండి. మళ్లీ కనిపిస్తాయి. మళ్లీ తీయండి. విసుగొస్తుంది, నిజమే.

ఇక ఆ మూల. మొదట చూపించానే, అది. గట్టిగా పడినప్పుడు డిస్‌ప్లే ఒక్కటే పగలదు, మూల లోపలికి సొట్ట పడుతుంది. కంటికి పెద్దగా కనిపించదు. ఇదిగో స్కేలు పెడుతున్నా చూడండి, ఈ పక్క స్కేలుకీ ఫ్రేమ్‌కీ మధ్య సందు లేదు. ఈ మూల దగ్గరికొచ్చేసరికి... కనిపించిందా? వెంట్రుకవాసి వెలుతురు వస్తోంది. ఈ కొంచెం చాలు. డిస్‌ప్లే అందులో కూర్చున్నట్టే కూర్చుంటుంది, కానీ ఆ మూల దాన్ని ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది. ఎండలో పెట్టినా, బిగుతు ప్యాంటు జేబులో పెట్టినా టప్పుమంటుంది.

దీన్ని సరిచేయాలి. నేను చిన్న ఫ్లాట్ స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి, లోపలి నుంచి బయటికి మెల్లగా ఒత్తుతాను. ఒకేసారి కాదు. కొంచెం ఒత్తు, స్కేలు పెట్టు, మళ్లీ కొంచెం ఒత్తు. పట్టకారుతో బయటి నుంచి లాగేవాళ్లున్నారు, నాకది నచ్చదు, రంగు లేచిపోతుంది. ఫ్రేమ్ ప్లాస్టిక్ అయితే సొట్ట పడదు, చిట్లుతుంది. లోపలికి పొడుచుకొచ్చిన ముక్కని సన్న ఆకురాయితో అరగదీసి, మళ్లీ తుడవండి. తర్వాత గమ్ లేకుండా కొత్త డిస్‌ప్లే అలా పెట్టి చూడండి. నొక్కకుండానే, దాని బరువుకే అది కూర్చోవాలి. ఏ మూలైనా పైకి లేచి ఉంటే ఫ్రేమ్ ఇంకా సరిగా లేదని అర్థం. గమ్ పూసి నొక్కితే అదే కూర్చుంటుందిలే అనుకోకండి.

కూర్చుంది కదా, ఇప్పుడు టెస్ట్. గమ్ ఇంకా పూయలేదు, గమనించండి. డిస్‌ప్లే మీది ఫిల్మ్ కూడా తీయలేదు. గమ్ అంటితే, ఫిల్మ్ లేస్తే చాలా షాపుల్లో వాపస్ తీసుకోరు. స్ట్రిప్ సందులోంచి వెనక్కి తెచ్చి, కనెక్టర్ మీద పెట్టి, వేలికి సరిగ్గా పడిందనిపించాకే నొక్కండి. టక్ మని వస్తుంది. అప్పుడు బ్యాటరీ. ఆన్ చేద్దాం.

వచ్చింది. షావోమీ ఫోన్లలో నాకు బాగా నచ్చేది ఇదే, డయలర్‌లో *#*#6484#*#* కొట్టండి. టెస్ట్ మెనూ వస్తుంది. టచ్, డిస్‌ప్లే, సెన్సర్లు అన్నీ ఒక్కొక్కటిగా చూసుకోవచ్చు. వేరే కంపెనీ ఫోన్ అయితే డెవలపర్ ఆప్షన్స్‌లో పాయింటర్ లొకేషన్ ఆన్ చేసి, వేలితో స్క్రీన్ అంతా ముగ్గులా గీయండి. గీత ఎక్కడా తెగకూడదు. అంచుల దగ్గర ఇంకోసారి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల బ్యాక్‌గ్రౌండ్, రెండిట్లోనూ చుక్కలున్నాయేమో చూడండి. ఒక కాల్ చేసి, చెవి దగ్గర పెడితే స్క్రీన్ ఆరుతోందో లేదో చూడండి. అన్నీ బాగున్నాయి. స్విచాఫ్, బ్యాటరీ పీకేద్దాం, డిస్‌ప్లే కూడా.

గమ్. బీ7000, ఈ ఫ్రేమ్ అంచు మీద సన్నగా, తెగకుండా ఒక గీత. ఎక్కువ పూస్తే గట్టిగా పడుతుందనుకుంటారు. ఏం ఉండదు, ఇయర్‌పీస్‌లోకి కారుతుంది, అవతలివాళ్ల మాట బావిలోంచి వచ్చినట్టు వస్తుంది. కెమెరా చుట్టూ, జాలీ చుట్టూ అసలు వద్దు. ఒకట్రెండు నిమిషాలు ఆగి, కొంచెం జిగురు పట్టాక స్ట్రిప్ దూర్చి, డిస్‌ప్లే పెట్టండి. అంచుల మీద మాత్రమే నొక్కండి, మధ్యలో కాదు. బయటికొచ్చిన గమ్ ఇప్పుడే తుడవకండి, ఆరాక గోటితో లాగితే దారంలా వచ్చేస్తుంది.

రబ్బరు బ్యాండ్లు వేద్దాం, నాలుగైదు. మరీ బిగుతుగా కాదు. కనీసం మూడు నాలుగు గంటలు కదపకండి, గమ్ పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పైనే పడుతుంది. తర్వాత కనెక్టర్లు, ప్లేటు, స్క్రూలు, వెనక మూత, తీసిన వరసకి రివర్స్‌లో అంతే. ఈ ఫోన్‌కి కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఐపీ53, అంటే తుంపర్లకి కాస్త తట్టుకునేది. ఒకసారి విప్పాక ఆ నమ్మకం పెట్టుకోవద్దు, వానలో బయటికి తీయొద్దని పిన్నికి చెప్పేశాను.

అన్నట్టు ఆ పాత డిస్‌ప్లే. గ్లాస్ మాత్రమే పగిలి, బొమ్మ వస్తున్న ఒరిజినల్ అమోలెడ్ అయితే స్పేర్ పార్టుల షాపుల్లో కొనేవాళ్లుంటారు, గ్లాస్ మార్చి మళ్లీ వాడతారు. బొమ్మే రాకపోతే ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి. మీ ఫోన్ మోడల్ పూర్తి పేరు కామెంట్‌లో పెట్టండి. రెడ్‌మీ అని మాత్రమే రాస్తే నేనేం చెప్పలేను, నోట్ 10, నోట్ 10 ప్రో రెండూ వేరు వేరు డిస్‌ప్లేలు.